పరావలయం: పట్టిక ముందా, నిర్వచనం ముందా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివాను. ఇప్పుడు ప్లస్ టూ సైన్స్ మొదటి సంవత్సరం, ఇక్కడంతా ఇంగ్లీషే. పదిలో మా సార్ వై = ఎక్స్² − 4ఎక్స్ + 3 కి గ్రాఫ్ గీయించి, దీన్ని పారాబోలా అంటారని చెప్పారు. ఇప్పుడు కోనిక్ సెక్షన్స్ పాఠంలో వై² = 4ఏ·ఎక్స్ అని రాసి ఇదీ పారాబోలాయే అంటున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి? ఫోకస్, డైరెక్ట్రిక్స్, వెర్టెక్స్ అంటూ నాలుగు వరసల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టాను. యూనిట్ టెస్టులో (వై − 2)² = 8(ఎక్స్ + 1) ఇస్తే వెర్టెక్స్ (1, −2) అని రాశాను. తప్పన్నారు, ఎందుకు తప్పో అర్థం కాలేదు. పాతపట్నంలో మా పెద్దమ్మ కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అది కూడా "ఇదంతా బట్టీయే, వేరే దారి లేదు" అంటోంది. నిజమేనా? బయట ఇది ఎక్కడైనా పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, వేరే దారి ఉంది. బట్టీ కంటే అదే దగ్గర దారి. ఆ పట్టికని కొన్నాళ్లు మడిచి పక్కన పెట్టు. దాంట్లో తప్పేమీ లేదు, కానీ అది పాఠం చివర రావలసిన కాగితం, నీ చేతికి మొదట్లోనే వచ్చింది. రెండూ ఒకటెలా అవుతాయని అడిగావు చూడు, ఈ పాఠంలో ఎవరైనా అడగవలసిన ప్రశ్న అదే. అది తేలితే గుర్తుల తికమక కూడా దానితోపాటే తేలిపోతుంది.

ముందు పేర్లు సరిచూసుకుందాం. మీ క్లాసులో పారాబోలా అన్నది తెలుగు పుస్తకాల్లో పరావలయం. ఫోకస్ నాభి, డైరెక్ట్రిక్స్ నియతరేఖ, వెర్టెక్స్ శీర్షం. నేను తెలుగు పేర్లతో చెబుతాను, పరీక్షలో నువ్వు ఇంగ్లీషువి రాసుకో. ఇంకోమాట. పాఠం మొదటి పేజీలో శంకువుని అడ్డంగా, ఏటవాలుగా కోసిన బొమ్మలుంటాయి. వాటి దగ్గర ఆగిపోకు. శంకువు ఏటవాలు అంచుకి సమాంతరంగా కోస్తే పరావలయం వస్తుందన్నది నిజమే. ఆ కోతకీ, నేనిప్పుడు చెప్పబోయే దూరాల షరతుకీ ఉన్న సంబంధాన్ని శంకువులో ఒక గోళాన్ని ఇమిడ్చి చాలా అందంగా చూపించవచ్చు, దాందెలాఁ అనే బెల్జియం గణితవేత్త పేరుతో పిలిచే గోళం అది. అది తర్వాత చదువుకోవచ్చు. ఇప్పుడు నీకు కావలసింది షరతు.

కాగితం మీద ఒక బిందువు ఉంది. ఆ బిందువు గుండా పోని ఒక సరళరేఖ ఉంది. బిందువుకి ఎంత దూరమో రేఖకీ సరిగ్గా అంతే దూరంలో ఉన్న చోట్లన్నీ గుర్తు పెట్టుకుంటూ పో. వచ్చే వంపే పరావలయం. ఆ బిందువు నాభి, ఆ రేఖ నియతరేఖ. రేఖకి దూరం అంటే లంబంగా కొలిచిన దూరం, ఏటవాలుగా కొలిచింది కాదు. సమీకరణాలు, పట్టికలు, సూత్రాలు అన్నీ ఈ షరతుని అక్షరాల్లో రాసుకున్నవే.

చదివి ఊరుకోకు, ఇప్పుడే గ్రాఫ్ కాగితం తీసుకో. నాభిని (0, 1) దగ్గర పెట్టు. నియతరేఖని వై = −1 దగ్గర అడ్డంగా గియ్యి. ఇప్పుడు (4, 4) బిందువు చూడు. దాన్నుంచి నాభికి అడ్డంగా 4, నిలువుగా 3. పైథాగరస్ ప్రకారం దూరం 5. నియతరేఖకి దూరం, అంటే వై = 4 నుంచి వై = −1 దాకా దిగాలి, అదీ 5. కుదిరింది. (2, 1) తీసుకుంటే నాభికి 2, రేఖకి 2. (6, 9) తీసుకుంటే నాభికి అడ్డంగా 6, నిలువుగా 8, మొత్తం దూరం 10. రేఖకి కూడా 10. (8, 16) నువ్వే చూడు, రెండు వైపులా 17 రావాలి. ఎక్స్‌కి బదులు −ఎక్స్ పెట్టినా దూరాలు మారవు కాబట్టి ఎడమ వైపు కూడా అదే వంపు వస్తుంది. (0, 0) సంగతి సరేసరి, నాభికి 1, రేఖకి 1. నాభికీ రేఖకీ సరిగ్గా మధ్యలో ఉన్న ఆ చోటే శీర్షం.

వంపు మీద లేని బిందువుని కూడా ఒకటి పరీక్షించు, చాలామంది ఈ పని చేయరు. (4, 5) తీసుకో. నాభికి దూరం 32 వర్గమూలం, అంటే 5.66 దగ్గర. రేఖకి 6. నాభికే దగ్గర, కాబట్టి అది వంపు లోపల ఉంది. (4, 3) అయితే నాభికి 20 వర్గమూలం, 4.47. రేఖకి 4. ఇది రేఖకి దగ్గర, కాబట్టి వంపు బయట. అంటే కాగితం మొత్తం రెండు ముక్కలైంది: నాభికి దగ్గరగా ఉన్న చోట్లు, రేఖకి దగ్గరగా ఉన్న చోట్లు. ఆ రెంటి మధ్య సరిహద్దు పరావలయం. నాభి ఎప్పుడూ వంపు లోపలే ఎందుకుంటుందో, నియతరేఖ ఎప్పుడూ వీపు వెనకే ఎందుకుంటుందో ఇక పట్టిక చూసి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు షరతుని సమీకరణంగా రాద్దాం. (ఎక్స్, వై) అనే ఏదో ఒక బిందువు వంపు మీద ఉందనుకో. నాభికి దూరం వర్గం ఎక్స్² + (వై − 1)². రేఖకి దూరం వర్గం (వై + 1)². రెండూ సమానం:

ఎక్స్² + (వై − 1)² = (వై + 1)²

విస్తరించు. ఎడమ పక్క ఎక్స్² + వై² − 2వై + 1. కుడి పక్క వై² + 2వై + 1. రెండు పక్కలా ఉన్న వై² కొట్టేయచ్చు, 1 కూడా కొట్టేయచ్చు. మిగిలింది

ఎక్స్² = 4వై

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. రెండు పక్కల నుంచీ వై² పోయింది కదా, ఈ పాఠం ఆయువుపట్టు అదే. దూరాలు రెండూ సమానం కాబట్టే పోయింది. నాభికి దూరం రేఖకి దూరంలో సగం ఉండాలనో, రెట్టింపు ఉండాలనో అని ఉంటే వై² పూర్తిగా కొట్టుకుపోయేది కాదు, ఎంతోకొంత మిగిలేది. అప్పుడు వచ్చేవి వచ్చే వారాల్లో చదవబోయే దీర్ఘవృత్తం (ఎలిప్స్), అతిపరావలయం (హైపర్బోలా). నియతరేఖ అడ్డంగానో నిలువుగానో ఉన్నప్పుడు పరావలయం సమీకరణంలో ఒక అక్షరానికే వర్గం ఉండి రెండోది ఒంటరిగా ఎందుకుంటుందని ఎవరైనా అడిగితే, సమాన దూరాలు కాబట్టి అని చెప్పు.

నాభి 1 దూరంలో కాకుండా 'ఏ' దూరంలో ఉంటే? 1 ఉన్న చోటల్లా 'ఏ' పెట్టి అదే లెక్క చెయ్యి. ఎక్స్² = 4ఏ·వై వస్తుంది. ఆ 4 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చేస్తుంటేనే కనిపిస్తుంది: ఎడమ పక్క −2, కుడి పక్క +2, ఒకవైపుకి చేర్చితే 4. ఇక కాగితాన్ని పక్కకి తిప్పి నాభిని (ఏ, 0) దగ్గర, నియతరేఖని ఎక్స్ = −ఏ దగ్గర నిలువుగా పెడితే ఎక్స్, వైలు చోట్లు మార్చుకుంటాయి. మీ సార్ రాసిన వై² = 4ఏ·ఎక్స్ అదే. నీ పట్టికలో ఉన్న నాలుగు వరసలూ అంతే: నాభి పైన, కింద, కుడిన, ఎడమన. వర్గం ఏ అక్షరానికి లేదో ఆ అక్షం వెంట వంపు తెరుచుకుంటుంది. ముందు మైనస్ ఉంటే రుణ దిశకి తెరుచుకుంటుంది. ఇంతకు మించి దాంట్లో గుర్తుపెట్టుకోవలసింది లేదు.

పదో తరగతి గ్రాఫ్ సంగతికి వద్దాం. ఎక్స్² = 4వై ని తిరగరాస్తే వై = ఎక్స్²/4. ఒడియాలో ద్విఘాత సమీకరణం అని చదువుకున్నావే, దాని కుటుంబమే ఇది. ఇక్కడ నిన్ను, నీలాంటి చాలామంది పిల్లల్ని ఇబ్బంది పెట్టేది ఒకటుంది. పదో తరగతి ఏ·ఎక్స్² + బీ·ఎక్స్ + సీ లోని 'ఏ', ప్లస్ టూ 4ఏ·ఎక్స్ లోని 'ఏ' ఒకటి కాదు. మొదటిది గుణకం. రెండోది శీర్షం నుంచి నాభికి ఉన్న దూరం. పుస్తకాలు రెండు చోట్లా అదే అక్షరం వాడాయి, ఎవరూ ఆగి చెప్పరు. నా సలహా, నీ నోట్సులో నాభి దూరానికి 'పీ' అని రాసుకో. అప్పుడు సంబంధం స్పష్టంగా ఉంటుంది: గుణకం = 1/(4పీ). వై = ఎక్స్² అయితే గుణకం 1, నాభి 1/4 దూరంలో. వై = 2ఎక్స్² అయితే నాభి 1/8 దూరంలో. గుణకం పెరిగేకొద్దీ నాభి శీర్షానికి దగ్గరవుతుంది, వంపు ఇరుకుగా కనబడుతుంది.

కనబడుతుంది అని ఊరికే అనలేదు. వృత్తాలన్నీ ఒకే ఆకారం, పెద్దవీ చిన్నవీ అంతే కదా. పరావలయాలూ అంతే. వై = 2ఎక్స్² గ్రాఫ్‌ని రెండు దిశల్లోనూ రెట్టింపు చేస్తే సరిగ్గా వై = ఎక్స్² వస్తుంది. మొదటిదాని మీద (3, 18) ఉంది, రెట్టింపు చేస్తే (6, 36). 6 వర్గం 36 అవునా కాదా? ఇరుకు, వెడల్పు అని మనం అనుకుంటున్నవి ఒకే వంపుని దగ్గరగా, దూరంగా చూడడమే.

ఇప్పుడు నీ వై = ఎక్స్² − 4ఎక్స్ + 3 తీసుకో. ఎక్స్ = 1 దగ్గర, ఎక్స్ = 3 దగ్గర విలువ సున్నా. ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువులకీ సరిగ్గా మధ్య నుంచి అక్షం పోవాలి కాబట్టి అక్షం ఎక్స్ = 2. అక్కడ వై = 4 − 8 + 3 = −1. శీర్షం (2, −1). సమీకరణాన్ని వై = (ఎక్స్ − 2)² − 1 అని రాసినా ఇదే కనిపిస్తుంది. గుణకం 1 కాబట్టి నాభి శీర్షానికి 1/4 పైన, (2, −3/4). నియతరేఖ 1/4 కింద, వై = −5/4. ఇది నిజమో కాదో (3, 0) దగ్గర పరీక్షిద్దాం. నాభికి అడ్డంగా 1, నిలువుగా 3/4, దూరం 5/4. నియతరేఖకి 5/4. రెండూ సమానం. పదో తరగతిలో చుక్కలు కలిపి గీసిన వంపులో కూడా ఒక నాభి, ఒక నియతరేఖ ఉన్నాయి. అప్పుడు వాటిని నీకు ఎవరూ చూపించలేదు, అంతే. నీ మొదటి ప్రశ్నకి జవాబు ఇది.

మూలాలు దొరకనప్పుడు ఏం చెయ్యాలి? వై = ఎక్స్² − 4ఎక్స్ + 7 ఎక్స్ అక్షాన్ని తాకదు. ఫరవాలేదు, మనకి కావలసింది ఒకే ఎత్తులో ఉన్న రెండు బిందువులు, ఆ ఎత్తు సున్నాయే కానక్కర్లేదు. ఎక్స్ = 0 అయితే 7, ఎక్స్ = 4 అయినా 7. మధ్య 2. అక్షం మళ్లీ ఎక్స్ = 2. సాధారణంగా రాస్తే ఏ·ఎక్స్² + బీ·ఎక్స్ + సీ విలువ ఎక్స్ = 0 దగ్గరా, ఎక్స్ = −బీ/ఏ దగ్గరా 'సీ' యే. ఆ రెంటికీ మధ్య −బీ/2ఏ. అందరూ మంత్రంలా అప్పజెప్పే −బీ/2ఏ వచ్చింది ఇక్కడినుంచే.

ఇదే సంగతిని మన శ్రీధరాచార్యుడి పద్ధతి ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. వర్గ సమీకరణాన్ని 4ఏ తో గుణించు, రెండు పక్కలా బీ² కలుపు అన్నాడాయన. 1150లో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో ఈ సూత్రాన్ని శ్రీధరుడి పేరుతోనే ఉదహరించాడు. అలా చేస్తే భిన్నాలు లేకుండా (2ఏ·ఎక్స్ + బీ)² = బీ² − 4ఏ·సీ వస్తుంది. మూలాల సూత్రం కోసం దీన్ని అందరూ చదువుతారు. నువ్వు ఎడమ పక్క బ్రాకెట్ చూడు: అది సున్నా అయ్యే చోటు ఎక్స్ = −బీ/2ఏ, అంటే వంపు అక్షం. శీర్షం ఎత్తు −(బీ² − 4ఏ·సీ)/4ఏ. పైకి తెరుచుకున్న వంపుకి విచక్షణి (బీ² − 4ఏ·సీ, ఇంగ్లీషులో డిస్క్రిమినెంట్) ధనమైతే శీర్షం ఎక్స్ అక్షం కిందకి దిగింది, కాబట్టి రెండు చోట్ల కోస్తుంది. రుణమైతే శీర్షం పైనే ఉండిపోయింది, ఎక్కడా కోయదు. సున్నా అయితే శీర్షమే అక్షాన్ని తాకింది. విచక్షణికి చెప్పే మూడు నియమాలూ ఈ ఒక్క బొమ్మలో ఉన్నాయి.

ఇక టెస్టులో తప్పిన లెక్క: (వై − 2)² = 8(ఎక్స్ + 1). గుర్తులు బ్రాకెట్లోంచి ఎత్తుకోవద్దు, అక్కడే తప్పు వచ్చింది. ఇలా అడుగు: మామూలు వై² = 8ఎక్స్ లో శీర్షం ఎక్కడుంది? రెండు పక్కలా సున్నా అయ్యే చోట. ఇక్కడ ఎడమ బ్రాకెట్ ఎప్పుడు సున్నా? వై = 2 అయినప్పుడు. కుడి బ్రాకెట్? ఎక్స్ = −1 అయినప్పుడు. శీర్షం (−1, 2). నువ్వు బ్రాకెట్లలో కనిపించిన +1ని, −2ని, శీర్షానికీ అవే గుర్తులుంటాయని ఊహించి, అలాగే ఎత్తి రాసేశావు. ఊహ అవసరం లేదు. "ఎప్పుడు సున్నా?" అని అడిగితే ఎక్స్ ముందు ఏ గుణకమున్నా, ఏ గుర్తున్నా సరైన చోటే వస్తుంది.

తక్కిందీ పూర్తి చేద్దాం. 4పీ = 8, పీ = 2. వర్గం వై కి ఉంది, కాబట్టి ఎక్స్ దిశలో తెరుచుకుంటుంది. 8 ధనం, కాబట్టి కుడికి. నాభి శీర్షం నుంచి కుడికి 2: (1, 2). నియతరేఖ ఎడమకి 2: ఎక్స్ = −3. ఇప్పుడు సరిచూసుకో. ఎక్స్ = 1 పెడితే (వై − 2)² = 16, వై = 6 లేదా −2. (1, 6) నుంచి నాభికి 4, నియతరేఖకి 1 + 3 = 4. సరిపోయింది. ఇలా ఒక బిందువుని సరిచూసుకోవడం అర నిమిషం పని. పరీక్ష హాలులో ఎవరినీ అడగకుండా నీ జవాబు సరైనదో కాదో నీకే తెలిసే లెక్కలు తక్కువ, ఇది వాటిలో ఒకటి. వాడుకో. (1, 6), (1, −2) మధ్య దూరం 8 చూశావా, నాభి గుండా నిలువుగా పోయే ఆ జ్యానే నాభిలంబం, లాటస్ రెక్టమ్ అంటారు. దాని పొడవు ఎప్పుడూ 4పీ.

ఇదే లెక్కని పరీక్షలో వై² − 4వై − 8ఎక్స్ − 4 = 0 అని విప్పేసి ఇస్తారు. భయపడకు. వర్గం ఉన్న అక్షరాన్ని ఒక పక్క ఉంచి మిగతావి రెండో పక్కకి పంపు: వై² − 4వై = 8ఎక్స్ + 4. రెండు పక్కలా 4 కలుపు: (వై − 2)² = 8ఎక్స్ + 8. 8ని బయటికి తీస్తే పాత రూపం వచ్చేసింది. చాలామంది పొరబడేది ఈ చివరి అడుగులోనే, 8ని బయటికి తీయకుండా శీర్షం రాసేస్తారు.

మీ అక్కకి ఒక మాట చెప్పు. ఆంధ్రాలో ఇంటర్ తెలుగు మీడియం పిల్లలు చదివిన తెలుగు అకాడమీ గణితం 2బి పుస్తకంలో పరావలయం ఒక విడి అధ్యాయం. మీకు మొదటి ఏడాదే వచ్చే పాఠం అక్కడ రెండో ఏడాది పుస్తకంలో ఉంది, కొంచెం లోతుగా కూడా ఉంది. పాతపట్నం మీకు పక్కనే కదా, ఆ పుస్తకం పాత ప్రతి ఒకటి తెచ్చుకో. నిర్వచనం, నిరూపణ తెలుగులో ఒకసారి చదివి, వెంటనే మీ ఇంగ్లీషు పుస్తకంలో అదే పేరా చదువు. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటి మధ్య నలుగుతున్నాననుకోకు. లెక్క ఒక్కటే, అది మూడు చోట్లా ఒకే వరసలో నడుస్తుంది. ఇంట్లో మాట్లాడే భాషలో ఒకసారి అర్థమైంది తర్వాత ఏ భాషలోనైనా రాయగలవు. అర్థం కానిదాన్ని మాత్రం ఏ భాషలో బట్టీ పట్టినా నిలవదు.

బయట ఎక్కడ పనికొస్తుందన్నావు. మీ వీధిలో మేడల మీద డిష్‌లు చూడు. ఉపగ్రహం చాలా దూరంలో ఉంది కాబట్టి తరంగాలు దాదాపు సమాంతరంగా వచ్చి పడతాయి. డిష్ మూతికి అడ్డంగా ఒక గీత ఊహించుకో. ఒక తరంగం ఆ గీత దాటి డిష్ మీద ఒక చోట తగిలి నాభికి మళ్లింది. తగిలిన చోటు నుంచి నాభికి ఎంత దూరమో, నియతరేఖకీ అంతే. కాబట్టి ఆ తరంగం నడిచిన మొత్తం దూరం, తిన్నగా మూతి నుంచి నియతరేఖ దాకా పోయి ఉంటే ఎంతయ్యేదో అంత. ఎక్కడ తగిలినా ఇంతే. అంటే అన్ని తరంగాలూ ఒకే దూరం నడిచి, ఒకేసారి నాభికి చేరతాయి, అందుకే అక్కడ సిగ్నల్ బలపడుతుంది. నువ్వు గ్రాఫ్ కాగితం మీద కొలిచిన సమాన దూరాలే ఇక్కడ పని చేస్తున్నాయి.

గుండ్రటి డిష్‌కి నాభి ఎక్కడుండాలో కూడా నువ్వే లెక్క కట్టగలవు. వెడల్పు 120 సెంటీమీటర్లు, మధ్యలో లోతు 20 అనుకో. శీర్షం దగ్గర మూలబిందువు పెడితే అంచు మీద బిందువు (60, 20). ఎక్స్² = 4పీ·వై లో పెట్టు: 3600 = 80పీ, పీ = 45. అడుగు నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో సిగ్నల్ అందుకునే పరికరం ఉండాలి. ఈ లెక్కని ఇంటి మీది చిన్న డిష్‌కి వాడితే మాత్రం తప్పొస్తుంది. దాని చెయ్యి కింది అంచు నుంచి వస్తుంది, గమనించావా? పెద్ద పరావలయపు గిన్నెలో అక్షానికి ఒక పక్కగా ఉన్న ముక్కని కోసి చేసినది అది. దాని నడిమి చోటు అసలు శీర్షమే కాదు. పరికరం నీడ డిష్ మీద పడకుండా ఉంటుందని అలా చేస్తారు.

విసిరిన బంతి దారీ పరావలయమే. ఈ సంగతి గెలీలియో 1638లో అచ్చైన తన పుస్తకంలో నిరూపించాడు. గ్రీకులు ఈ వంపుని అంతకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందే చదివారు. బంతిని సెకనుకి 10 మీటర్లు ముందుకి, 14.7 మీటర్లు పైకి పోయే వేగంతో కొడితే, ఎత్తు వై = 1.47ఎక్స్ − 0.049ఎక్స్². 0 దగ్గరా 30 మీటర్ల దగ్గరా నేల మీద ఉంటుంది, కాబట్టి అన్నిటికంటే పైన ఉండేది 15 మీటర్ల దగ్గర, ఎత్తు 11 మీటర్ల పైచిలుకు. గాలి అడ్డు లేదనుకుంటేనే ఇది కచ్చితం. అసలు మైదానంలో వంపు రెండో సగం కొంచెం కుదించుకుపోతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వంగి కనిపించిందల్లా పరావలయం అనకు. రాయగడ వైపు వెళితే చేకాగుడ దగ్గర నాగావళి మీద వేలాడే వంతెన ఉంది, చూసే ఉంటావు. అలాంటి వంతెనల్లో తీగ మోసే బరువు అడ్డంగా సమంగా పంచి ఉంటే తీగ పరావలయంలా వంగుతుంది. కానీ రెండు కరెంటు స్తంభాల మధ్య తన బరువుతో తానే వేలాడే తీగ పరావలయం కాదు. చూపుకి తేడా తెలియదు, సమీకరణం వేరు. దాని అసలు సమీకరణాన్ని 1691లో హైగెన్స్, లైబ్నిట్స్, యోహాన్ బెర్నూలీ తేల్చారు. కంటికి ఒకలా ఉన్నవాటిని వేరు చేసేది షరతే అని నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

చివరిగా నీకో లెక్క ఇస్తాను. నాభి (0, 0), నియతరేఖ ఎక్స్ + వై = 2. ఏటవాలు రేఖ కాబట్టి పట్టికలోని నాలుగు వరసల్లో దేనికీ ఇది అందదు. నీ దగ్గర ఉన్నది నిర్వచనమూ, బిందువు నుంచి రేఖకి దూరం సూత్రమూ. ఎడమ పక్క ఎక్స్² + వై², కుడి పక్క (ఎక్స్ + వై − 2)²/2. విస్తరించి సర్దితే ఎక్స్² − 2ఎక్స్·వై + వై² + 4ఎక్స్ + 4వై − 4 = 0 రావాలి. శీర్షం ఎక్కడుందో సూత్రం లేకుండా చెప్పు: నాభి నుంచి నియతరేఖకి లంబం (1, 1) దగ్గర తాకుతుంది, మిగిలిన సగం నువ్వు చెయ్యి. వచ్చిన బిందువుని సమీకరణంలో పెట్టి సున్నా అవుతుందో లేదో చూసుకుని, ఆ కాగితం మీ అక్కకి కూడా చూపించు.